కుంపటిగారి బండిలో గరగర

ఆ రోజు పని నిజానికి చాలా చిన్నది. పొద్దున్నే పరుపులు బండికెక్కించాలి, మధ్యాహ్నం బస్సులో పిల్లలు దిగేలోపల ఊరవతల కొత్తగా కట్టిన ఆడపిల్లల హాస్టల్లో దించాలి. అంతే. ఇందులో ఇంజన్లు విప్పడానికి గానీ, పెట్రోలు బంకు మూయించడానికి గానీ, పోలీసుని పిలిపించుకోవడానికి గానీ ఎక్కడా చోటు లేదు. అయినా అవన్నీ జరిగాయి. తలుచుకుంటే చెప్పేవాడికే ఒళ్ళు మండుతుంది, పడ్డవాళ్ళ సంగతి వేరే చెప్పాలా!

పరుపుల కొట్టు యజమానికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదైనా, వీధి మొత్తం ఆయన వెనకాల పిలిచే పేరు కుంపటి. ఎదురుగా నిలబడి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గనక ఆ పేరు ఆయన ఒక్కడికే తెలియదు. కోపం ఆయన ముక్కు మీద కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. కొట్లో ఒకప్పుడు దూది ఏకే మనిషి, కుట్టే మనుషులు ఉండేవాళ్ళు. ఒక్కొక్కరే ఊరెళ్ళొస్తామని చెప్పి వెళ్ళారు, ఒక్కరూ తిరిగి రాలేదు. ఊరికి వెళ్ళినవాళ్ళందరూ పక్క వీధి కొట్లో పని చేసుకుంటున్న సంగతి అందరికీ తెలుసు. ఎవరు చెప్తారు ఆయనకి?

ఆ కొట్టు పేరుకి ఆయనది, చాకిరీ భార్యది. పాత పరుపులు విప్పి, దూది ఎండబెట్టి, మళ్ళీ నింపి కుట్టివ్వడం తప్ప వేరే బేరం ఎరగని కొట్టుకి మొదటిసారి పెద్ద బేరం తెచ్చింది ఆవిడే. హాస్టల్ వార్డెన్ దగ్గరికి తనే వెళ్ళింది. చూపించడానికి ఒక పరుపు తనే మోసుకెళ్ళింది. వార్డెన్ ఆ పరుపుని అటూ ఇటూ నొక్కి చూసి ఒకే ఒక్క షరతు పెట్టింది. "పిల్లలు బస్సు దిగేసరికి కింది అంతస్తు మంచాల మీద పరుపులుండాలమ్మా. ఉంటే పై అంతస్తులు కూడా నీకే ఇస్తాను. లేకపోతే పెద్ద షాపుకి ఫోను కొడతాను, వాళ్ళు లారీలో తెచ్చి పడేస్తారు. ఆ తర్వాత నువ్వొచ్చి ఏడ్చినా గేటు తియ్యను."

పనివాళ్ళు లేరు గనక ఆవిడే కుట్టింది. వేళ్ళ చివర సూది గుచ్చుకోని చోటు లేదు. ఈ పరుపులు వేళకి చేరితే ఆవిడ నలుగురు మనుషుల్ని పెట్టుకుని పని చేయించుకోవచ్చు. చేరకపోతే జన్మంతా పక్కింటివాళ్ళ చిరుగులు కుట్టుకుంటూ కూర్చోవాలి. ఈ సంగతి ఇంట్లో గోడలకి కూడా తెలుసు.

పరుపులెక్కించి, పైన పట్టా కప్పి, తాళ్ళు బిగించారు. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. కుంపటి బండి స్టార్ట్ చేశాడు. తీరా చూస్తే గేటుకి అడ్డంగా స్కూటరు పెట్టుకుని ఎవడో ఫోన్లో మాట్లాడుతున్నాడు. కుంపటి వాడి వీపుకేసి గుడ్లురిమి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వినపడింది. గర్ర్... గర్ర్... గర్ర్...

"విన్నావా?" అన్నాడు భార్యతో.

"ఏదండీ?"

"ఇంజన్లో. గరగరమంటోంది. రాళ్ళు మరపట్టినట్టు."

ఆవిడ చెవి రిక్కించింది. "నాకేం వినపడట్లేదండీ. మామూలుగానే ఉందిగా."

"మామూలుగా ఉందా? అంటే నేను పిచ్చోణ్ణా? లేని శబ్దం నాకొక్కడికే వినపడుతోందా? పదేళ్ళుగా ఈ బండి నడుపుతున్నది నువ్వా నేనా?"

ఆవిడ ఎండకేసి చూసింది. ఈయనతో వాదన మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో ఆవిడకి తెలుసు. అబద్ధమైతే తొందరగా అయిపోతుంది. "ఆఁ ఆఁ, ఇప్పుడు వినపడిందండీ. కొంచెం గరగరమంటోంది. హాస్టల్‌కెళ్ళొచ్చాక చూపిద్దాం, పదండి" అంది.

"కొంచెమా?" అని కుంపటి తల బయటికి పెట్టి, గుమ్మంలో కూర్చున్న తల్లిని కేకేశాడు. "అమ్మా! నీకు వినపడుతోందా లేదా?"

ఆ పెద్దావిడ బ్యాటరీ అయిపోతుందని చెవి మిషను తీసి కిటికీలో పెట్టుకుంది. కొడుకు ఏమడిగాడో ఆవిడకి తెలియదు. కానీ కొడుకు మొహం కనపడుతోంది. "వినపడకేంరా నాన్నా! తెల్లారినప్పట్నించీ ఇదే గోల. చెవులు చిల్లులు పడిపోతున్నాయి" అంది.

స్కూటరువాడు వెనక్కి తిరిగాడు. కుంపటి మొహం చూడగానే వాడికీ వినపడింది. "అవునండీ, అందుకే ఫోన్లో అవతలి మాట తెలియట్లేదు" అని స్కూటరు తోసుకుంటూ పారిపోయాడు. ముగ్గురు సాక్షులు! ఒకావిడ తొందరలో, ఒకావిడ చెవుడుతో, ఒకడు భయంతో. ఇంకేం కావాలి మనిషి చెడిపోవడానికి? బండి హాస్టల్ దారి వదిలేసి మెకానిక్ షెడ్డు దారి పట్టింది.

"ఏమండీ, వేళ మించిపోతుందండీ!"

"నీ పరుపుల కోసమే కదే ఇదంతా! దారి మధ్యలో ఆగిపోతే నెత్తిన పెట్టుకుని మోస్తావా?"

ఈ మెకానిక్ చెయ్యి మంచిదే, గుండె మాత్రం పిట్ట గుండె. కుంపటి బండి షెడ్డు ముందు ఆగగానే తాగుతున్న టీ గ్లాసు సగంలో కింద పెట్టేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకో చోట ఆనించి విన్నాడు. ఇంజను హాయిగా తిరుగుతోంది.

"ఎప్పుడొస్తుందన్నా శబ్దం?"

"ఆగినప్పుడు. ఎవడైనా అడ్డమొచ్చినప్పుడు. సిగ్నల్ దగ్గర మరీ ఎక్కువ. వెనకవాడు హారన్ కొట్టాడంటే ఇంకా పెరుగుతుంది."

మెకానిక్ కళ్ళు తెరిచాడు. "వెనకవాడు హారన్ కొడితే మన ఇంజన్లో శబ్దం పెరుగుతుందా అన్నా?"

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా?"

"అబ్బే, అలా అన్లేదన్నా! వైరింగు అయ్యుంటుంది. మరి ఖాళీ రోడ్డు మీద?"

"ఖాళీ రోడ్డు మీద రాదు. ఇదిగో, ఇప్పుడొస్తోంది చూడు! నువ్వు ఆ స్క్రూడ్రైవరు పట్టుకుని తపస్సు చేస్తుంటే వస్తోంది. విను!"

మెకానిక్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఏమీ లేదు. ఒక కన్ను తెరిచి కుంపటి మొహం చూశాడు. "ఆఁ... వస్తోందన్నా. లోపల్నించి వస్తోంది" అన్నాడు. తర్వాత నసుగుతూ, "కానీ అన్నా, మీరు తిడుతున్నంతసేపూ రాదంటున్నారు. ఆపగానే వస్తుందంటున్నారు. అదేంటో..."

"నేను తిడుతుంటే నా గొంతు కాకుండా ఇంకేం వినపడుతుందిరా నాకు?"

ఇక్కడైనా ఎవరో ఒకరు ఆగి ఆలోచించాలా వద్దా? మనిషి నోరు తెరిస్తే ఆగి, మూస్తే మొదలయ్యే రోగం ఏ ఇంజనుకైనా ఉంటుందా? కానీ ఆలోచన వచ్చినవాడికి ధైర్యం లేదు, ధైర్యం ఉన్నవాడికి ఆలోచన లేదు. మెకానిక్ ఇంజను బెల్టు విప్పాడు. కుంపటి కటకటలాడుతూ చూశాడు. శబ్దం తగ్గలేదు. నీళ్ళ పంపు విప్పాడు. తగ్గలేదు. ఇంజను ఆపేసినా తగ్గలేదంటే, అది చెవిలో మిగిలిపోయిన మోత అని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. చివరికి మెకానిక్ చెమట తుడుచుకుని, "హెడ్డు విప్పాలన్నా" అన్నాడు. విప్పమన్నాడు ఈయన. కాసేపట్లో ఇంజనులో సగం గోనెపట్టా మీద పరిచి ఉంది.

ఆవిడ షెడ్డు ముందు నిలబడి ఒకసారి పరుపులకేసి, ఒకసారి ఆ గోనెపట్టాకేసి చూసింది. "ఎంతసేపు పడుతుంది తమ్ముడూ బిగించడానికి?"

"సాయంత్రానికి ఇచ్చేస్తాను వదినా."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చోవడానికి వేళ లేక తన సొంత తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు బడి పిల్లల్ని తిప్పే చిన్న బస్సు నడుపుతాడు. పిల్లల్ని దింపేశాక మధ్యాహ్నం దాకా ఆ బస్సు ఖాళీయే. అక్క గొంతు వినగానే పరుగున వచ్చాడు. షెడ్డు ముందు బావగారు కూడా ఉన్నారని అక్క చెప్పలేదు, చెప్తే వచ్చేవాడు కాదు. మెకానిక్ కూడా ఓ చెయ్యేశాడు. సగం పరుపులు సీట్ల మీద, సగం బస్సు కప్పు మీద ఎక్కాయి. ఆవిడ లోపల పరుపుల మధ్య ఇరుక్కుని కూర్చుంది. కుంపటి ముందు, బావమరిది పక్కన కూర్చున్నాడు.

చేరాల్సిన చోటు ఎంతో దూరం లేదు. ఈయన నోరు మూసుకుని కూర్చుంటే పని అయిపోయేది. మూసుకునే కూర్చున్నాడు, అదే వచ్చిన చిక్కు. బడి బస్సు కదా, మెల్లగా నడపడం బావమరిదికి అలవాటు. సైకిళ్ళు కూడా దాటి పోతున్నాయి. కుంపటి చూసీ చూసీ, పిడికిళ్ళు బిగించి కూర్చున్నాడు. గర్ర్... గర్ర్...

"ఒరేయ్! నీ బస్సులో కూడా వస్తోందిరా!"

"ఏంటి బావగారూ?"

"గరగర! అదే గరగర! అచ్చం నా బండిలో వచ్చిందే!"

"నా బస్సు మొన్ననే సర్వీసింగు చేయించాను బావ..." అని మొహం చూసి, "ఆఁ, వస్తోంది బావగారూ. బాగా వస్తోంది" అన్నాడు ఆ పిరికి సన్నాసి.

"డీజిలు ఎక్కడ పోయిస్తావ్?"

"అదే... పెద్ద రోడ్డు బంకులో."

"నేనూ అక్కడేరా!" కుంపటి మొహం ఒక్కసారి వెలిగిపోయింది. కోపమున్న మనిషికి తిట్టడానికి సరైన మనిషి దొరికితే కలిగే ఆనందం ఇంకెందులోనూ లేదు. "కల్తీ! నా బండి ఇంజను తినేశారు, ఇప్పుడు పసిపిల్లలెక్కే బస్సు మీద పడ్డారు. తిప్పు బంకులోకి!"

"తిప్పకురా! నేరుగా పోనీ!" పరుపుల మధ్య నించి ఆవిడ అరిచింది.

బావమరిది వెనకున్న అక్కని తలుచుకున్నాడు, పక్కన బావని చూశాడు. పక్కనున్న వాళ్ళ భయమే ఎక్కువ. బస్సు బంకులోకి తిరిగింది.

బంకు మేనేజరు మర్యాదస్తుడు. "సార్, కల్తీ లేదు సార్, మీ కళ్ళ ముందే పరీక్ష చేసి చూపిస్తాను, కూర్చోండి సార్" అన్నాడు. కూర్చోమన్నందుకు కుంపటికి ఇంకా మండింది. "నన్ను కూర్చోబెట్టి మసిపూసి మారేడుకాయ చేద్దామనా? రెండు బళ్ళు పాడుచేశారు! ఇంజను విప్పి పరిచి వచ్చాను షెడ్డులో, వచ్చి చూడు!" అని బంకు దద్దరిల్లేలా అరిచాడు.

వరసలో ఉన్నవాళ్ళు విన్నారు. మొదట ఒక టాక్సీవాడు తన బండికి చెవి ఆనించి, "అవును, నాదీ ఈ మధ్య ఏదో గరగరమంటోంది" అన్నాడు. ఇంకొకడు తన స్కూటరు ఇదివరకటంత దూరం పోవట్లేదన్నాడు. ఒక పెద్దమనిషి కారు కిటికీ అద్దం దిగట్లేదని, అది కూడా ఈ డీజిలు వల్లేనని తేల్చాడు. ఆయనది పెట్రోలు కారు. ఎవరికివాళ్ళకి ఏడాదిగా కడుపులో ఉన్న కక్షలన్నీ గుర్తొచ్చాయి. ఎవరో పైపు లాగేశారు, ఎవరో బండి అడ్డంగా పెట్టారు. మేనేజరు బెదిరిపోయి మిషన్లు ఆపించేశాడు. నింపించుకోవడానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, లోపలున్నవాళ్ళు కదలరు. రోడ్డు రెండు వైపులా బళ్ళు ఆగిపోయి హారన్లు మొదలయ్యాయి. హారన్లు పెరిగేకొద్దీ కుంపటికి గరగర కూడా పెరిగింది. బావమరిది "ఇప్పుడే వస్తానక్కా" అని తాళం బస్సులోనే వదిలేసి మెల్లగా జారుకున్నాడు.

ఆవిడ పరుపులు నెట్టుకుని కిటికీలోంచి తల బయటికి పెట్టింది. దూరంగా పెద్ద రోడ్డు మీద ఒక బస్సు, కప్పు మీద ట్రంకు పెట్టెలతో, ఇరుకులోంచి ఎలాగో బయటపడి హాస్టల్ వైపు వెళ్ళిపోతోంది. అది పిల్లల బస్సు. ఆవిడ పరుపుల మీద నించి తలుపు వైపు పాకడం మొదలుపెట్టింది.

ఇంతలో పోలీసు వచ్చాడు. నలుగురూ ఒకేసారి చెప్పింది విని, రెండు చేతులూ ఎత్తాడు. "చాలు! అందరూ ఇంజన్లు ఆపండి. హారన్లు కూడా. ఒక్కొక్క బండీ స్టార్ట్ చేయించి నేనే వింటాను. ఎక్కడొస్తుందో ఈ గరగర తేలుస్తాను."

ఇంజన్లన్నీ ఆగాయి. ఆ రోడ్డు మీద అంతటి నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. బంకు కప్పు మీద పావురాల రెక్కల చప్పుడు కూడా వినపడుతోంది. ఆ నిశ్శబ్దంలో కుంపటి చేతులు కట్టుకుని, మేనేజరుకేసి మింగేసేలా చూస్తూ నిలబడ్డాడు.

గర్ర్... గర్ర్... గర్ర్...

"ఎవడయ్యా ఇంజను ఆపనిది?" అన్నాడు పోలీసు.

"అన్నీ ఆపేశాం సార్!"

గర్ర్... గర్ర్... పోలీసు చెవి ముందుకు పెట్టి, మెల్లగా అడుగులేస్తూ వచ్చాడు. టాక్సీ దాటాడు. స్కూటరు దాటాడు. వచ్చి వచ్చి కుంపటి ముందు ఆగాడు. పై నించి కింద దాకా చూశాడు. "జేబులో ఏముంది?"

"ఏమీ లేదు."

శబ్దం ఆగింది. పోలీసు వెనక్కి తిరిగాడు. మళ్ళీ గర్ర్ మంది. గిరుక్కున ఇటు తిరిగాడు. అప్పటికి ఆవిడ బస్సు దిగి వచ్చింది. ఆవిడ మొగుడి దవడకేసే చూస్తోంది. చెవి కిందుగా ఒక కండ బిగుసుకుంటోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుసుకుంటోంది.

"ఏమండీ, నోరు తెరవండి" అంది.

"ఏంటే?"

"తెరవండి."

తెరిచాడు. నిశ్శబ్దం. "మూయండి" అంది. మూశాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. అది కుంపటి చూశాడు. గర్ర్...

పోలీసు టార్చి తీసి ఆయన నోట్లోకి వేసి చూశాడు. పైపళ్ళూ కిందిపళ్ళూ నూరి నూరి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "ఇది పళ్ళ డాక్టరు చూడాల్సిన కేసు" అని టార్చి ఆర్పేశాడు. బంకు మొత్తం గొల్లుమంది. టాక్సీవాడైతే బండి మీద పడి నవ్వాడు, ఇందాకటి దాకా తన టాక్సీలో కూడా వస్తోందన్న సంగతి మర్చిపోయి!

"నవ్వకండి!" అంది ఆవిడ. అన్నది గట్టిగా కూడా కాదు. కానీ అందరూ నోళ్ళు మూశారు. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"పొద్దున నాకేం వినపడలేదు. మీ అమ్మగారికి మిషను పెట్టుకున్నా నా పిలుపు వినపడదు, ఆవిడకి ఇంజను వినపడిందట! ఆ మెకానిక్‌కి వినపడలేదు, మా తమ్ముడికి వినపడలేదు. అందరం అబద్ధమాడాం. ఎందుకో తెలుసా? కుళాయి కారుతోందని చెప్తే అరుస్తారు. కారట్లేదని చెప్తే అరుస్తారు. అందుకని మీతో నిజం చెప్పడం అందరం మానేశాం. ఇంట్లో నిజం వినని మనిషి మీరొక్కరే!"

"అది కాదే..."

"నేను మాట్లాడుతున్నాను!" ఆవిడ వేళ్ళు చాచి ఆయన మొహం ముందు పెట్టింది. "చూడండి ఇవి. ఇన్నాళ్ళూ గుచ్చుకుంటే మాట్లాడలేదు. ఆ పిల్లల బస్సు ఇప్పుడే వెళ్ళిపోయింది. నా బేరం పోతోంది. నాకు కోపంగా ఉంది. చాలా, చాలా కోపంగా ఉంది! కోపం మీ ఒక్కరి సొత్తనుకున్నారా? నాకు పెళ్ళైన నాటి నించీ వస్తోంది! నాకు పళ్ళు నూరుకునే తీరిక కూడా లేక కుట్టుకుంటూ కూర్చున్నాను!"

కుంపటి నోరు తెరుచుకునే ఉంది.

"వెనక ఎక్కండి. పరుపుల మీద."

ఎక్కాడు. ఆవిడ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. తమ్ముడికి డ్రైవింగు నేర్పింది ఆవిడే. పెళ్ళైన కొత్తలో మొగుడి బండి స్టీరింగు ఒకసారి పట్టుకుంటే ఆయన అరిచిన అరుపుకి మళ్ళీ ఎప్పుడూ పట్టుకోలేదు. ఇప్పుడు బస్సు స్టార్ట్ చేసి, అడ్డంగా ఉన్న పెద్దమనిషి కారుకేసి ఒక్క చూపు చూసింది. ఆయన అద్దం దిగకపోయినా కారు వెనక్కి తీశాడు. పోలీసే ముందు నడిచి దారి చేయించాడు. బస్సు బయటికి వెళ్ళగానే ఆ దారి మళ్ళీ మూసుకుపోయింది.

హాస్టల్ వరండాలో ఆడపిల్లలు ట్రంకు పెట్టెల మీద వాడిపోయి కూర్చుని ఉన్నారు. గేటు వేసి ఉంది. వార్డెన్ గేటు లోపల నిలబడి, "ఆలస్యమైందమ్మా. పెద్ద షాపుకి చెప్పేశాను. వాళ్ళ లారీ బయల్దేరింది" అంది.

ఇంకో రోజైతే ఆవిడ చేతులు జోడించేది, బతిమాలేది. ఆ రోజు ఆవిడలో ఇంకా బోలెడు కోపం మిగిలి ఉంది. "లారీ వస్తే వెనక్కి పంపించండి మేడమ్. ఆలస్యమైంది, నిజమే. తప్పు మాదే. ఆ పిల్లల మొహాలు చూడండి, నా పరుపు మీద ఒక్క పిల్లని పడుకోబెట్టి చూడండి, ఆ తర్వాత నన్ను పొమ్మనండి. గేటు తియ్యండి!" అంది.

వార్డెన్‌తో అంత ఖచ్చితంగా మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక ఫోనుకేసి చూసుకుంది. అదే సమయానికి ఫోను మోగింది. పెద్ద షాపువాళ్ళు. లారీ పెద్ద రోడ్డు బంకు దగ్గర ఇరుక్కుపోయిందట, ఎవడో పళ్ళు నూరే పిచ్చోడు గొడవ చేసి ఊరి బళ్ళన్నీ ఆపేశాట్ట, సాయంత్రం దాకా రాలేమన్నారు.

"ఎవడో పిచ్చోడట" అని వార్డెన్ ఫోను దించింది. బస్సులో పరుపుల మధ్య నించి కనపడుతున్న ఒక తల చటుక్కున కిందికి పోయింది. వార్డెన్ నిట్టూర్చి గేటు తీసింది.

దించడానికి మనుషులు కూడా అక్కర్లేకపోయింది. పిల్లలే ఎగబడి లాక్కెళ్ళారు. ఒక చిన్నపిల్ల మంచం దాకా కూడా పోలేదు, వరండాలోనే పరుపు పరిచేసుకుని, చెప్పులతోనే పడి నిద్రపోయింది. వార్డెన్ ఆ పిల్లకేసి కాసేపు చూసింది. "రేపొచ్చి పై అంతస్తులకి కొలతలు తీసుకెళ్ళమ్మా" అంది. ఆవిడ సరేనని తలూపి, మెట్ల మీద కూర్చుని, పొద్దున్నించీ దాచుకున్న ఏడుపు కొంచెం ఏడ్చేసి, మొహం తుడుచుకుంది.

బడి విడిచేలోపల తమ్ముడికి బస్సు అప్పగించి, సాయంత్రం ఇద్దరూ మెకానిక్ షెడ్డుకి వచ్చారు. కుంపటి నోరు సగం తెరిచి పెట్టుకునే నడుస్తున్నాడు. మూస్తే ఏమవుతుందోనని భయం. మెకానిక్ దగ్గరికి వెళ్ళి, జీవితంలో ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడనంత మెత్తగా, "తమ్ముడూ, తప్పు నాది. శబ్దం ఇంజన్లోది కాదు. నాది. బిగించెయ్" అన్నాడు.

ఆ మెత్తదనం చూసి మెకానిక్ ఇంకా వణికిపోయాడు. "లేదన్నా! ఇంజన్లోదే!"

"కాదయ్యా, నాదే."

"కాదన్నా, ఒట్టు! ఇంజన్దే! దొరికింది!" అని పరుగున వెళ్ళి ఒక చిన్న బేరింగు తెచ్చాడు. "బెల్టు తిరిగే చోట ఉంటుంది వదినా ఇది. లోపల అరిగిపోయింది. ఇవాళ ఆ లోడుతో వెళ్ళుంటే దారిలోనే పగిలేది, బెల్టు తెగేది, బండి నడిరోడ్డు మీద కూలబడేది."

ఆవిడ నమ్మలేదు. భయానికి కల్పించి చెప్తున్నాడనుకుంది. బేరింగు తన చేతిలోకి తీసుకుని వేలితో తిప్పింది. గర్ర్... గర్ర్... మొగుడి నోరు తెరిచే ఉంది. శబ్దం చేతిలోంచే వచ్చింది.

కుంపటి మొహం మెల్లగా విచ్చుకుంది. వంగిన నడుము నిటారైంది. పొద్దున్నించీ పోయిన గొంతు ఒక్కసారి తిరిగొచ్చింది. "చూశావా? నే చెప్పానా లేదా? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? నన్ను నడి బంకులో నిలబెట్టి నోట్లో టార్చి వేయించావు! ఇప్పుడేమంటావ్?"

ఆవిడ ఆ బేరింగుని ఇంకోసారి తిప్పి విన్నది. నిజంగానే అరిగిపోయింది. ఇంత తప్పు మనిషి ఇంత ఒప్పైపోతే ఒళ్ళు మండదా ఎవరికైనా?

"మీకు వినపడింది ఇది కాదు. ఇది అరిగినా, బంకులో గరగరమన్నవి మీ పళ్ళే" అని, బేరింగు మెకానిక్ చేతిలో పెట్టింది. "కొత్తది వెయ్యి తమ్ముడూ. బండి తాళం మాత్రం నాకియ్యి."

మెకానిక్ అలవాటు కొద్దీ కుంపటి మొహం వైపు తిరగబోయాడు. మధ్యలో ఆవిడ మొహం కనపడింది. అక్కడే ఆగిపోయి, తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ రోజు నించీ పరుపుల కొట్టు బండికి డ్రైవరు మారింది. గరగర మాత్రం, సిగ్నల్ పడినప్పుడల్లా, వెనక పరుపుల మీద నించి వస్తూనే ఉంది.